మహీధర్ గారి తెల్లవారుజాము

మొదటి రోజు

ఇవాళ్టి నుంచి నేను మహీధర్ గారి వెంట పడ్డాను.

ఈ మాట అనగానే మా ఆయన గవర్రాజు తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. "ఈ వయసులో ఎవడే వాడు?" అన్నాడు. ఎవడేమిటి, ఎవరు అనాలి. కాకినాడ రోడ్ల మీద సోడా బండి తోసి, ఇవాళ సరుకుల ఓడలు నడుపుతున్న మనిషి ఆయన. భూమ్మీద మూడు కోట్ల మంది ఆయన వెంట ఉన్నారు. మూడు కోట్ల ఒకటో దాన్ని నేను.

'వెంబడి' అని ఒక యాప్ ఉంది. వ్యాపారంలో పైకొచ్చినవాళ్లు పొద్దున లేచింది మొదలు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అందులో చెబుతూ ఉంటారు. మనం ఒకరిని ఎంచుకుని వాళ్లు చేసినట్టే చెయ్యాలి. రాత్రికి ఏం నేర్చుకున్నామో రాసి పంపాలి. ఇదిగో, ఈ రాత అదే. ఎవరు ఎవరి వెంట ఉన్నారో బయటి వాళ్లకి తెలీదు కాబట్టి సిగ్గు కూడా లేదు.

నా సంగతి చెప్పాలిగా. పేరు నాంచారమ్మ. ఎర్రదిబ్బ గుమ్మటంలో నాది టిఫిను కిటికీ. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా. అంగారకుడి మీదకి వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ పొద్దున లేవగానే మొదటి పని కిటికీ మీద ఎర్ర దుమ్ము తుడవడం, ఆఖరి పని మళ్లీ అదే. గుమ్మటం లోపల గాలి పల్చన, ఇడ్లీ ఉడకడానికి భూమ్మీదకంటే ఎక్కువసేపు పడుతుంది. ఉన్నది మూడు వందల మంది. పొద్దున్నే పనిలోకి వెళ్తూ అందరూ తినాల్సింది మా వసారాలోనే.

మా వసారా అన్నాను కానీ, నాకు ఎదురుగా ఇంకో కిటికీ ఉంది. సువర్చలది. కామర్స్ చదువుకుంది. సాంబారులో బెల్లం ఎక్కువేస్తుంది, అయినా జనం ఎగబడతారు. నాకు మహీధర్ గారు అవసరమైంది ఆవిడ వల్లే. ఆరేళ్ల కొట్టుని రెండేళ్ల కొట్టు దాటేస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా?

ఆయన మొదటి పాఠం: తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. ఆరింటికి కొట్టు తెరవాలి. పన్నెండింటికి కట్టెయ్యాలి. మిగతా పూట ఆలోచించుకోవాలి.

లేచాను. తెరిచాను. సువర్చలా అప్పుడే తెరిచింది. ఏడిసినట్టుంది.

మూడో రోజు

మన గడియారంలో నాలుగు కూడా కాకుండానే మోగింది యాప్. గవర్రాజు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఏమే, భూమ్మీద రోజు కన్నా మన రోజు నలభై నిమిషాలు పొడుగు కదే! ఆయనకి ఐదు కొట్టినప్పుడల్లా నువ్వు లేస్తే, రోజురోజుకీ మనకి ముందుకి జరిగిపోతావు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నావు" అన్నాడు.

మంచు బావి తవ్వే మనిషికి వ్యాపారం ఏం తెలుస్తుంది? నాకు తెలీక కాదు. మహీధర్ గారు నిన్ననే చెప్పారు: "గెలిచేవాడు ఊరి గడియారం చూడడు, తన గడియారం చూస్తాడు" అని. గోడ గడియారాన్ని తీసేసి కాకినాడ టైము పెట్టేశాను. పైగా అందరికంటే ముందు తెరిస్తే నష్టమేంటి? సువర్చల లేచేసరికి నా వాయి అయిపోవాలి.

ఇవాళ్టి పాఠం: కొట్టుకి ఒక రంగుండాలి. దూరం నుంచి కనపడాలి, చూడగానే ఆకలెయ్యాలి. పసుపు వాడండి అన్నారు. రంగు డబ్బా కోసం స్టోరు వాళ్లని బతిమాలి, కిటికీ చుట్టూ పసుపు పూసి, కళ్లనిండా చూసుకుని పడుకున్నాను.

నాలుగో రోజు

సువర్చల కిటికీ కూడా పసుపే.

నాకు వచ్చిన కోపానికి పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంట్లో మాట బయటికి ఎలా పోయింది? గవర్రాజుకి నోట్లో నువ్వుగింజ నానదు. పట్టుకుని నిలదీస్తే, "నేను ఆవిడతో మాట్లాడి నెలయింది, అదీ చట్నీ అడగడానికి" అని ఒప్పుకున్నాడు. ఎదుటి కిటికీ చట్నీ తింటున్నాడన్న సంగతి అలా బయటపడింది. దాని సంగతి తర్వాత చూస్తాను.

ఆరో రోజు

మంచి పాఠం చెప్పారివాళ. వచ్చినవాణ్ని పేరు పెట్టి పిలవండి, ఆకలి సగం తీరుతుంది అన్నారు. నిజమే కదా! ఆరేళ్లుగా "రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు" అనే పిలుస్తున్నాను మనుషుల్ని.

మొదట వచ్చింది స్కూలు మాస్టరు. "రండి కోటేశం మాస్టారూ!" అన్నాను నేను. "రండి రండి కోటేశం మాస్టారూ!" అంది అటునుంచి సువర్చల. పాపం ఆయన మధ్యలో నిలబడిపోయారు. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేసి, "నాకు ఆకలి లేదమ్మా" అని స్కూలుకి వెళ్లిపోయారు.

తొమ్మిదో రోజు

రాసుకోవడానికి ఇష్టం లేదు కానీ, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇవాళ మూడు వాయిలు మిగిలిపోయాయి.

ఊరంతా ఏడింటికి లేచి పళ్లు తోముకుని వచ్చేసరికి నేను కట్టేస్తున్నాను. ఎందుకంటే మహీధర్ గారికి మధ్యాహ్నం పన్నెండయింది. సువర్చలా కట్టేస్తోంది! నేను ఉన్నంతసేపూ ఉంటుంది, నేను కట్టగానే కడుతుంది. నన్ను చూసి కాపీ కొడుతోందని నాకు అర్థమైపోయింది. నేనుగానీ ఇప్పుడు మామూలు టైముకి వెళ్లిపోతే, ఓడిపోయానని వసారా అంతా చెప్పుకుంటుంది. చచ్చినా వెళ్లను.

కూరగాయల గదిలో పనిచేసే ఆడవాళ్లు నా కిటికీ ముందు నిలబడి, "అక్కా, రెండిడ్లీ అయినా పెట్టవా, ఖాళీ కడుపుతో ఎట్టా వంగేది?" అన్నారు. పెడదామనే చెయ్యి చాచాను. ఎదురుగా సువర్చల కూడా అడిగినవాళ్లకి తల అడ్డంగా ఊపుతోంది. నేనూ ఊపేశాను. తర్వాత చాలాసేపు మనసు బాలేదు.

పదకొండో రోజు

ఇవాళ్టి పాఠం: అందరూ చేసేది చెయ్యకండి. మీ అంగట్లో అందరికీ ఉన్నదాన్ని తీసెయ్యండి, ఎవరికీ లేనిదాన్ని పెట్టండి.

రెండు కిటికీల్లోనూ ఉన్నది సాంబారు. ధైర్యం చేసి సాంబారు తీసేశాను. అల్లం పచ్చడి మాత్రమే పెట్టాను. ఇప్పుడు నన్నెవరు కాపీ కొడతారో చూద్దాం అనుకుంటూ కిటికీ తెరిచాను.

సువర్చల దగ్గరా సాంబారు లేదు. అల్లం పచ్చడి ఉంది.

అంగారకుడి మీద సాంబారు అనేది లేకుండా పోయింది ఈ రోజుతో.

కానీ ఒక వింత జరిగింది. మా కిటికీలు తెరిచే వేళకి గుమ్మటంలో దీపాలు తగ్గించేస్తారు, పురుగు కూడా ఉండదు. అట్లాంటిది పదకొండు మంది తలలు దువ్వుకుని, మొహాలు కడుక్కుని, తళతళలాడుతూ వచ్చారు. రేడియో గదివాళ్లు! భూమ్మీద రేవులతో, ఆఫీసులతో మాట్లాడి మనకి కావాల్సిన సరుకు తెప్పించేవాళ్లు. వాళ్లు బతికేది కాకినాడ టైములో. అక్కడ ఆఫీసు తెరిచే వేళకి ఇక్కడ కుర్చీలో ఉండాలి. మనకి అర్ధరాత్రయినా మిట్ట మధ్యాహ్నమయినా, వాళ్లకి పొద్దున్న పొద్దున్నే.

వాళ్ల పెద్దాయన ఏసుపాదం గారు కిటికీ ముందు నిలబడి పొయ్యి మీది ఆవిరి వంక చూశారు. తర్వాత, "తెరిచే ఉందా అమ్మా?" అన్నారు.

"తెరిచే ఉంది. ఏం పెట్టమంటారు?"

"ఏదైనా. వేడిగా ఉంటే చాలు. నాలుగేళ్లుగా పొద్దున్నే వేడి టిఫిను కరువే. నెలలో నాలుగు రోజులు తప్ప, మాకు తెల్లారినప్పుడు కొట్లు తెరిచి ఉండవు కదమ్మా, డబ్బాలో పేకెట్టు చింపుకుని తినడమే."

ఆరేళ్లుగా ఇదే ఊళ్లో ఉన్నాను. ఈ పదకొండు మంది పొద్దున్నే ఏం తింటున్నారని నేనెప్పుడూ అడగలేదు. పళ్లెం అందిస్తుంటే సిగ్గనిపించింది.

సగం మంది నా దగ్గర తిన్నారు, సగం మంది ఎదురు కిటికీలో తిన్నారు. పదకొండులో సగమెంతో లెక్క తేలక, ఏసుపాదం గారు రెండు చోట్లా తిన్నారు.

పధ్నాలుగో రోజు

ప్రెసిడెంటు కామేశం గారు ఇంటికొచ్చారు. ఈయన గుమ్మటం కమిటీకి పెద్ద. మెత్తగా మాట్లాడతారు, ఆ మెత్తదనం చూస్తేనే నాకు భయం.

"నాంచారమ్మా, ఊళ్లో రెండు టిఫిను కిటికీలున్నాయి. పొద్దున పూట రెండూ మూసే ఉంటున్నాయి. జనం పస్తులు పనికి పోతున్నారు. మొన్న బావి దగ్గర ఒకడు కళ్లు తిరిగి పడ్డాడు."

నేను మహీధర్ గారి మాటే చెప్పాను: "గెలిచేవాడు ఊరి గడియారం చూడడండీ."

"అలాగే," అన్నారాయన. "వచ్చే ఓడలో టిఫిను యంత్రం వస్తోంది. మీట నొక్కితే ఇడ్లీ. దానికి ఆవిరి గొట్టం కావాలి. గొట్టం ఉన్నది మీ వసారాలోనే. ఈ నెల ఇరవై నాలుగున, పొద్దున పదింటికి ఊరంతా కూర్చుందాం. మీ కిటికీలు ఉంచాలో తీసెయ్యాలో చేతులెత్తి చెబుతారు. మీకూ సువర్చలకీ చెరి రెండు నిమిషాలు మాట్లాడ్డానికి ఇస్తాం."

ఆయన వెళ్లాక నేను మంచం మీద కూలబడ్డాను. ఆ కిటికీ లేకపోతే నేనేం చేస్తాను? గవర్రాజు బావికి పోతే వారం రోజులు రాడు. ఆ నాలుగు గోడల మధ్యా పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరితో మాట్లాడను? ఈ ఎర్ర నేల మీద నాకున్న మనుషులందరూ ఆ కిటికీలోంచే వచ్చారు. ఏడుపొచ్చింది. గవర్రాజు తిడతాడేమో అనుకున్నాను. పక్కన కూర్చుని, "మామూలు టైముకి తెరిచెయ్యవే, పోనీ" అన్నాడు.

"సువర్చల?"

"సువర్చల బొంద! నీ కొట్టు నీది."

"మరి ఆ పదకొండు మంది?"

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. అందుకని మహీధర్ గారికే రాశాను. ఉన్నదున్నట్టు రాశాను, సువర్చల కాపీ కొడుతున్న సంగతి కూడా. మాట భూమికి చేరడానికి పావుగంట, రావడానికి పావుగంట. అరగంటలో జవాబొచ్చేస్తుందని పొయ్యి ముందు కూర్చున్నాను.

పదిహేడో రోజు

మూడు రోజులకి వచ్చింది జవాబు. "ప్రియమైన వెంబడివీరా! నీ పోటీదారుడు నీతో సమానంగా లేస్తున్నాడా? వాడికంటే అరగంట ముందు లే. విజయం నీదే!"

అంతే. పదకొండు మంది గురించి ఒక్క ముక్క లేదు. అయినా గురువు మాట కదా, ఇవాళ అరగంట ముందు లేచాను.

సువర్చల కూడా అరగంట ముందే లేచింది.

పంతొమ్మిదో రోజు

నిన్న గంట ముందు లేచాను, ఇవాళ గంటన్నర. సువర్చలా అంతే. ఇద్దరం కిటికీల్లోంచి ఒకరినొకరు ఎర్ర కళ్లతో చూసుకుంటున్నాం. నిద్రలేక ఇడ్లీపాత్రలో నీళ్లు పొయ్యకుండా పొయ్యి మీట తిప్పేశాను. మాడిన వాసన ఎంతకీ పోదు ఇక్కడ, గుమ్మటం కిటికీ తీద్దామంటే బయట గాలి లేదు. కాసేపటికి ఎదురు కిటికీలోంచి కూడా అదే వాసన.

ఏసుపాదం గారు వచ్చి నా మొహం చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నారు. బాగానే ఉందన్నాను. ఆయన వినకుండా లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, తనే పెసరట్లు వేశారు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. అందరూ ఎగతాళి చేస్తూ తిన్నారు. రేడియో గదిలో అందరికంటే చిన్నది రోజ్‌మేరీ, "మా తాతగారి అట్టు ఇండియా మ్యాపులాగే ఉండేది, ఇది ఆస్ట్రేలియా" అంది. నవ్వీ నవ్వీ నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, నిద్ర కూడా పోయింది. రేపట్నుంచి ఐదింటికే లేస్తాను. పోటీకి కాదు. వీళ్లకి తెల్లారేది అప్పుడే కాబట్టి.

ఇరవై రెండో రోజు

ఇప్పుడు నా కిటికీ తెరిచేసరికి ఊరికి సాయంత్రం నాలుగవుతోంది. పని నుంచి తిరిగొచ్చేవాళ్లు ఆగుతున్నారు! కూరగాయల గది ఆడవాళ్లు బుట్టలు దించి, "అక్కా, ఇవాళ సాయంత్రం టిఫినా? బావుందే!" అని ఉప్మా పెట్టించుకున్నారు. ఒకావిడ, "రేపు కూడా ఇదే టైమేనా?" అని అడిగింది.

"రేపు ఇంకొంచెం ముందు."

"ఎల్లుండి?"

"ఇంకొంచెం ముందు."

"తిన్నగా చెప్పొచ్చు కదక్కా" అని విసుక్కుని పోయింది. మంచి గిరాకీ, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

మహీధర్ గారి పాఠాల్లో ఒకటి ఉంది, సభలో ఎలా మాట్లాడాలో. మీ చిన్నతనం చెప్పండి, కన్నీళ్లు పెట్టించండి అని. ఒక నమూనా కూడా ఇచ్చారు, ఖాళీలు పూరించుకోవచ్చు. రెండు రోజులుగా బట్టీ పడుతున్నాను. "ఆ రోజు మా ఇంట్లో దీపం లేదు. కానీ నా కళ్లలో వెలుగుంది..." మా ఇంట్లో దీపాలు బోలెడుండేవి, మా నాన్న కరెంటాఫీసులో లైన్‌మాన్. అయినా కంఠతా వచ్చేసింది.

ఇరవై నాలుగో రోజు

అంతా వరసగా రాస్తాను.

యాప్‌లో ఇవాళ్టి పాఠం సభకి వెళ్లే ముందే వచ్చింది: "నష్టం తెచ్చేదాన్ని పట్టుకు వేలాడకండి. ఏడవకుండా వదిలెయ్యండి. వదిలెయ్యడం తెలిసినవాడే విజేత." ఈ రోజే రావాలా ఈ పాఠం? కిటికీ వదిలెయ్యమంటున్నారా?

ఊరికి పొద్దున పది. మా కాకినాడ గడియారంలో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర కావస్తోంది. పెద్ద హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో ఓడలో వచ్చిన టిఫిను యంత్రం. నమూనాకి తలా ఒక ఇడ్లీ ఇచ్చారు. తిన్నాను. బావుంది. అబద్ధం ఎందుకు, మెత్తగా బావుంది.

నా పదకొండు మందీ కనపడలేదు. వాళ్లకి నడిరాత్రి, ఎలా వస్తారు? రమ్మని నేను అడగనూ లేదు.

మొదట సువర్చలని పిలిచారు. లేచి, గొంతు సవరించుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"ఆ రోజు మా ఇంట్లో దీపం లేదు," అంది. "కానీ నా కళ్లలో వెలుగుంది."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాతి వాక్యం నా పెదాల మీదే ఉంది, అదే ఆవిడ నోట్లోంచి వచ్చింది. ఆ తర్వాతదీ అంతే. "మా అమ్మ నా చేతిలో పెట్టింది ఒక గరిటె కాదు, ఒక భవిష్యత్తు" అనే దగ్గర నేను ఆపుకోలేక పైకే అనేశాను. ఇద్దరం ఒకేసారి అన్నాం. హాలంతా తిరిగి చూసింది. సువర్చల నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"మీరూ..." అంది.

"మీరూనా?" అన్నాను.

"ఐదింటికి?"

"పసుపు రంగు!"

"అయితే సాంబారు?" అని తలపట్టుకుంది ఆవిడ. "నేను మీరు నన్ను కాపీ కొడుతున్నారని ఏడ్చి చస్తున్నానండీ!"

మాకు నవ్వాగలేదు. నేను పక్కవాళ్ల భుజం పట్టుకుని నవ్వుతున్నాను, ఆవిడ మైకు పట్టుకుని నవ్వుతోంది. కామేశం గారు బల్ల మీద కొట్టి, కొట్టి, చివరికి సంగతేంటని అడిగారు. చెప్పాం. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. "మూడు వారాలు మా కడుపులు మాడ్చింది కాకినాడలో ఒక సోడాబండాయనా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నవ్వులు తగ్గాక కామేశం గారు మెత్తగా అడిగారు. "సంతోషం. ఇప్పుడు ఒక్క మాట చెప్పండి. రేపు పొద్దున మన ఏడింటికి కిటికీ ఎవరు తెరుస్తారు?"

"నేను!" అంది సువర్చల, నేను నోరు తెరిచేలోపే. కామర్స్ చదువు ఊరికే పోతుందా? మూడు వందల మందిని ఒక్క మాటలో ఎత్తుకుపోయింది.

"అయితే నాంచారమ్మ కిటికీ తీసేసి యంత్రం అక్కడ పెడదాం. పనిలేని వేళల్లో తెరిచే కొట్టు దేనికి?"

నా రెండు నిమిషాలు వచ్చాయి. బట్టీ పట్టిందంతా సువర్చల చెప్పేసింది. నా దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. లేచి నిలబడ్డాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. దుప్పట్లు కప్పుకుని, జుట్టు రేగిపోయి, ఒకరి భుజం మీద ఒకరు తూలుతూ పదకొండు మందీ లోపలికొచ్చారు. ఏసుపాదం గారు చొక్కా తిరగేసి తొడుక్కున్నారు.

వాళ్లని అలా చూసేసరికి నాకు కామేశం గారి మీద కోపం వచ్చింది, అదే మంచిదైంది.

"కామేశం గారూ, పనిలేని వేళ అన్నారే, ఎవరికి పనిలేదు? మీరు తినే బియ్యం, మీ చెప్పులు, ఈ యంత్రం కూడా వీళ్లు తెప్పించిందే. వీళ్లకి తెల్లారినప్పుడు మనకి తెల్లారదు కాబట్టి వీళ్లకి పొద్దున్న లేదనుకుంటున్నాం. నాలుగేళ్లు చల్లటి పేకెట్లు తిన్నారు. నేనూ ఆరేళ్లు చూడలేదు. సోడాబండాయన పుణ్యమా అని పొరపాటున చూశాను."

"అది సరే," అన్నారాయన, "యంత్రం ఏ వేళకైనా పెడుతుందిగా వాళ్లకి?"

"పెడుతుంది. ఇడ్లీ కూడా బావుంది. నేను పెట్టలేదనుకోండి, దాని దగ్గరే తింటారు. కానీ మొన్న నేను నిద్రలేక ఊగుతుంటే ఏసుపాదం గారు చెయ్యి కడుక్కుని వచ్చి అట్లు వేశారు. యంత్రానికి ఒంట్లో బాలేదా అని ఎవరడుగుతారండీ, అది వీళ్లని ఎప్పుడడుగుతుంది?"

వెనకనుంచి కూరగాయల గది ఆవిడ లేచింది. "అక్కా, అదంతా నిజమే. మాకూ సాయంత్రం నీ ఉప్మా తినాలనే ఉంది. కానీ రోజుకో టైమైతే మేమెట్టా తెలుసుకునేది?"

అప్పుడు తట్టింది నాకు. ఎక్కణ్నుంచి వచ్చిందో తెలీదు.

"కామేశం గారూ, మొన్న ఏకాదశికి మీ అమ్మగారు ఉపవాసం ఉన్నారా?"

"ఉన్నారు. ఎందుకు?"

"ఏ చంద్రుణ్ని చూసి? మన నెత్తి మీద రెండున్నాయి. ఒకడు రోజుకి రెండు మూడు సార్లు తిరుగుతాడు. వాణ్ని నమ్ముకుంటే ఆవిడకి ఈపాటికి తిండే ఉండదు."

హాలు మళ్లీ నవ్వింది. "భూమి చంద్రుణ్నే లెండి" అన్నారు కామేశం గారు.

"మరి భూమి చంద్రుడి తిథి మన గడియారంలో ఏ వేళకొస్తుందో ఆవిడకెట్లా తెలుస్తోంది? పంచాంగం చూసుకుంటారు. వినాయక చవితి కిందటేడు ఏ రోజొచ్చిందో ఈ ఏడు ఆ రోజొస్తుందా? రాలేదని ఎవరైనా ఉండ్రాళ్లు మానేశారా? నా కొట్టూ అంతే అనుకోండి. కాకినాడ టైముకి తిరుగుతుంది. ఒక వారం మీ సాయంత్రానికొస్తుంది, ఒక వారం మీ మధ్యాహ్నానికి, నెల దాటాక మీ పొద్దునకే వస్తుంది. పంచాంగంలో తిథి పక్కన నా వేళ ఒక గడి వేయించండి. చూసుకుని రండి. తిథులు చూసుకుని బతికిన జాతికి ఇదొక లెక్కా?"

ముందు వరసలో కామేశం గారి అమ్మగారు కర్ర పట్టుకుని లేచారు. "ఒరే, అమ్మాయి చెప్పింది నిజం. మరి ఏకాదశి పారణ వేళకి ఈవిడ కిటికీ తెరిచి ఉంటుందేమో చూసి చెప్పమను" అన్నారు.

చేతులెత్తమన్నారు. దుప్పట్లలోంచి పదకొండు చేతులు. కూరగాయల గది చేతులు. మాస్టారి చెయ్యి. తర్వాత నేను లెక్కపెట్టలేదు, కళ్లు మసకబారాయి. ఎదురుగా సువర్చల చెయ్యి కూడా లేచే ఉంది. నేను చూస్తున్నానని చూసి, "మీరు లేకపోతే నేనెవరి కంటే ముందు లేవాలండీ?" అంది.

కామేశం గారు ఆవిరి గొట్టం అక్కడిదాకా లాగించి, యంత్రాన్ని మంచు బావి దగ్గర పెట్టిద్దామన్నారు. అక్కడివాళ్లే ఇప్పటికీ పేకెట్లు తింటున్నారు. గవర్రాజు మొహం చూడాలి. "అందరికీ మా ఆవిడ, నాకు మీటా?" అన్నాడు.

ఇరవై ఐదో రోజు

కామేశం గారి అమ్మగారు పారణ వేళ లెక్కగట్టి పంపమన్నారు. పంపాను. సువర్చల సాంబారు మళ్లీ మొదలెట్టింది, బెల్లం అంతే ఉంది. నేనూ మొదలెట్టాను.

ఐదింటికి యాప్ మోగింది. మహీధర్ గారు ఇవాళ కొత్త పాఠం చెప్పబోతున్నారు. నేను వినలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. మనుషుల్ని పేరు పెట్టి పిలవమని చెప్పింది ఆయనే, ఆ ఒక్క మాటకి దండం పెడతాను. కానీ అరగంట ముందు లేవడం తప్ప నా పదకొండు మంది గురించి ఆయన దగ్గర ఏమీ లేదు. ఉండదు కూడా, ఆయన వాళ్లని చూడలేదుగా.

నిన్నటి పాఠం మళ్లీ చదివాను. నష్టం తెచ్చేదాన్ని పట్టుకు వేలాడకండి, ఏడవకుండా వదిలెయ్యండి.

ఆయన చెప్పినట్టే చేశాను. ఆయన్ని వదిలేశాను. ఏడవలేదు.

"గురువుకే పంగనామాలు పెట్టావే!" అన్నాడు గవర్రాజు మధ్యాహ్నం అన్నం తింటూ. ఈ రాత కూడా ఇక ఎవరికీ పంపక్కర్లేదు, అయినా అలవాటైపోయింది, రాస్తున్నాను. ఇంతకంటే రాయడానికి వీల్లేదు. పిండి పొంగింది, ఆవిరి వచ్చింది, బయట రోజ్‌మేరీ నన్ను పేరు పెట్టి పిలుస్తోంది.